అత్త మెడలో లేని గొలుసు

మనలో ఎవరింటికి వెళ్ళినా సరే, ముందు గదిలో అడుగు పెట్టగానే గోడకి పెద్దవాళ్ళ ఫోటోలు కనిపిస్తాయి. అద్దం మీద గంధం బొట్టు పెట్టి, చందనం దండో ప్లాస్టిక్ పూలదండో వేసి, పైన ఒక చిన్న ఎర్ర బల్బు వెలిగించి ఉంచుతారు. నేనూ పెళ్ళయి మార్కాపురం వచ్చిన కొన్నేళ్ళకి మా మామగారు పోతే, ఆయన ఫోటో రోజూ పొద్దున్నే తుడిచి పూలు పెడుతూనే ఉన్నాను. కానీ ఒక ఫోటో వెనకాల ఎంత కథ ఉంటుందో మా అత్త పోయిన రోజుదాకా నాకు తెలియలేదంటే నమ్మండి.

2022 మాఘమాసంలో మా అత్త పోయింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. పొద్దున కాఫీ తాగి, వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, అట్లాగే గోడకి ఒరిగిపోయింది. అదృష్టవంతురాలని అందరూ అన్నారు.

మూడో రోజున మా పెద్ద బావగారు వచ్చి, "పెద్దకర్మకి కార్డులు కొట్టించాలి, అమ్మ ఫోటో మంచిదొకటి ఇవ్వమ్మా" అన్నారు.

"ఇస్తాను బావగారూ" అని లోపలికి వెళ్ళి బీరువా తీశాను. అర్ధగంట వెతికాను. ఆల్బమ్‌లన్నీ మంచం మీద పరిచాను. చెప్పొద్దూ, నా కాళ్ళు చల్లబడ్డాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే కప్పు కింద ఉన్న మనిషికి మా ఇంట్లో ఒక్క ఫోటో లేదు!

లేదంటే మరీ లేదని కాదు. మా పెళ్ళి ఆల్బమ్‌లో ఒకచోట మా నెత్తిన అక్షింతలు వేస్తున్న చెయ్యి ఉంది. ఆ ఆకుపచ్చ మట్టిగాజుల చెయ్యి మా అత్తదే. చెయ్యి వరకే పడింది. ఇంకొక గుంపు ఫోటోలో మా పెద్ద ఆడబిడ్డ భుజం వెనకాల సగం మొహం, అదీ చెంగు అడ్డం పెట్టుకుని. మూడోది ఆధార్ కార్డు మీద ఉన్నది. అది ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. భయపడ్డ కళ్ళు, బిగించిన పెదాలు. మా అత్త బతికుండగా ఏనాడూ అట్లా లేదు.

సెల్‌ఫోన్లు వచ్చాక మా ఇంట్లోనూ వేలకొద్దీ ఫోటోలు చేరాయి. పండగకి తీసినవి, పుట్టినరోజులవి, ఆఖరికి నేను చేసిన అరిసెలకి కూడా ఫోటోలున్నాయి. అరిసెల పాకం పట్టించిన మనిషికి మాత్రం లేదు. ఎవరు ఫోన్ ఎత్తినా ఆవిడ లేచి వంటింట్లోకి పోయేది. "నన్ను తియ్యబాకమ్మే, ఫోటో తీస్తే ఆయుసు తగ్గుద్ది. ఈ మొగం ఎవురికి గావాల?" అనేది. మేమూ నవ్వేసి ఊరుకునేవాళ్ళం. బలవంతం చేసి ఒక్కసారి కూర్చోబెట్టి ఉంటే ఎంత బాగుండేది అని తర్వాత ఎంత ఏడ్చి ఏం లాభం?

సరే, చేసేదేముంది, ఆ ఆధార్ ఫోటోనే స్టూడియోకి పంపించారు. అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో పెద్దది చేసి, రెండు రోజుల్లో ఫ్రేము కట్టి ఇచ్చాడు. కాగితం విప్పి చూసి అందరం నోళ్ళు తెరిచాం. మా అత్తకి అంచుకంత జరీ ఉన్న మెరూన్ రంగు పట్టుచీర కట్టేశాడు. మొహం మీద ముడతలన్నీ తీసేశాడు. వెనకాల నీలం మేఘాలు పెట్టాడు. మెడలో రెండు పేటల బంగారు గొలుసు వేశాడు.

చూసినవాళ్ళంతా "ఎంత కళగా ఉంది! అచ్చం లక్ష్మీదేవిలా ఉంది" అన్నారు. మా ఆడబిడ్డలిద్దరూ ఫోటో పట్టుకుని ఏడ్చారు. మావారు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. మేకు కొట్టి, మామగారి పక్కన తగిలించి, కాసేపు అట్లా చూస్తూ నిలబడి బయటికి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం ఆ ఫోటో మింగుడు పడలేదు. రోజూ పూలు పెట్టేటప్పుడు, ఎవరో పరాయి ఆమెకి పెడుతున్నట్టు ఉండేది. ఎందుకంటే ఆ గొలుసు సంగతి నాకు తెలుసు.

మా పడమటి ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. వాన పడితే పంట, లేకపోతే లేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు. 2002లో కరువు వచ్చినప్పుడు నేను ఇంటికి కొత్త కోడల్ని. కంభం వైపు మా పల్లెలో ఉన్న నాలుగెకరాలూ ఎండిపోతుంటే మావారు బోరు వేయిద్దామన్నారు. చేతిలో డబ్బు లేదు. ఆ రాత్రి మా అత్త మెడలోంచి రెండు పేటల గొలుసు తీసి, చెంగుతో ఒకసారి తుడిచి, కొడుకు చేతిలో పెట్టింది. పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు అది. రెండు చోట్ల బోరు వేశారు. రెండు చోట్లా తెల్లటి దుమ్ము లేచింది తప్ప చుక్క నీరు పడలేదు. మావారు చేలోనే కూలబడితే, ఆవిడే వెళ్ళి లేపుకొచ్చింది. "పోనీలేరా, మెడ తేలికయింది" అని నవ్వింది.

ఆ తర్వాత పొలం కౌలుకిచ్చి మావారు మార్కాపురంలో పలకల వ్యాపారి దగ్గర లెక్కలు రాయడానికి కుదిరారు. పలకలంటే మా ఊరే కదండీ. మీలో ఎంతమంది అక్షరాలు దిద్దుకున్న పలక మా ఊరి రాయో! ఇద్దరు పిల్లల చదువులు, ఇంటి అద్దె, మామగారి వైద్యం... గొలుసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కూడా ఎత్తలేదు. బోసి మెడతోనే ఇరవై ఏళ్ళు బతికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ కుర్రాడు వచ్చి ఫోటోలో గొలుసు వేస్తే నాకు ఎట్లా ఉంటుంది చెప్పండి!

ఇట్లా ఉండగా మరుసటి ఏడాది మా పెద్దమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో దిగబెట్టడానికి నేనూ వెళ్ళాను. మాచర్ల, సాగర్ మీదుగా రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి పొద్దున్నే ఎం.జి.బి.ఎస్.లో దిగాం. ఆదివారం కావడంతో అమ్మాయి, "అమ్మా, మూసీకి అవతలి ఒడ్డునే సాలార్‌జంగ్ మ్యూజియం. నువ్వెప్పుడూ చూడలేదుగా" అని తీసుకెళ్ళింది. (అన్నట్టు, మీరెవరైనా వెళ్ళేట్టయితే శుక్రవారం సెలవని గుర్తుపెట్టుకోండి.)

నిజాం దగ్గర దివానులుగా చేసిన సాలార్‌జంగ్ వంశం వాళ్ళు, ముఖ్యంగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, పోగుచేసిన వస్తువులట అవన్నీ. ఆయన 1949లో పోయాక, 1951లో ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అందరిలాగే మేమూ గంటల గడియారం ముందు కూర్చుని, బుల్లి బొమ్మ బయటికి వచ్చి గంటలు కొట్టి లోపలికి వెళ్ళడం చూశాం. మేలిముసుగు రెబెక్కానూ చూశాం. 1876లో బెన్జోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ అది. రాతితోనే మేలిముసుగు, ఆ ముసుగులోంచి మొహం కనిపిస్తుంది. అక్కడే నాకు మా అత్త గుర్తుకొచ్చింది. రాతి ముసుగు వెనకాల మొహం కూడా కనిపిస్తోంది గానీ, మా గుంపు ఫోటోలో చెంగు వెనకాల ఉన్న మొహం కనిపించడం లేదే అనుకున్నాను.

తర్వాత మన దేశం వాళ్ళ వర్ణచిత్రాలున్న చోటికి వెళ్ళాం. రాజా రవివర్మ వేసిన బొమ్మ దగ్గర అమ్మాయి ఆగింది. మలయాళ దేశపు ఆడమనిషి. క్యాలెండర్లలో రవివర్మ బొమ్మలు చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాం గానీ, అసలు రంగుల బొమ్మ ముందు నిలబడితే వేరే సంగతి. మన ఎదురుగా మనిషే ఉన్నట్టు ఉంటుంది.

"ఎవరే ఈమె? పేరేంటి?" అని అడిగాను.

అమ్మాయి చదివి, "పేరు లేదమ్మా. కేరళ సుందరి అని మాత్రం ఉంది" అంది.

నాకు ఆశ్చర్యం వేసింది. వేసినవాడి పేరు ఉంది, కొన్నవాడి పేరు ఉంది, దేశం పేరు ఉంది. బొమ్మలో ఉన్నామె పేరు మాత్రం లేదు. కార్డుమీద వేయడానికి ఫోటో లేని మా అత్తకీ, మ్యూజియంలో నిలువెత్తు గౌరవం ఉన్న ఈమెకీ ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది.

ఊరికి తిరిగి వచ్చాక కూడా ఆ బొమ్మ నన్ను వదల్లేదు. గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు కొన్ని తెచ్చుకుని, మిగతాది అమ్మాయి చేత ఫోన్‌లో చదివించుకుని తెలుసుకున్నాను. ఇంటర్ చదువు నాది, పెద్ద విషయాలు చెప్పలేను. నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

రవివర్మ 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. తిరువాన్కూరు రాజుగారి ప్రాపకంలో పెరిగాడు. అప్పట్లో మనవాళ్ళకి నూనె రంగులతో బొమ్మలు వేయడం కొత్త. అది తెలిసిన ఆస్థాన చిత్రకారుడు నేర్పనన్నాడట. 1868లో థియోడర్ జెన్సన్ అనే విదేశీ చిత్రకారుడు వస్తే, పక్కన నిలబడి చూడడానికి మాత్రం అనుమతి దొరికింది. అట్లా చూసి చూసి నేర్చుకున్నాడు. మనం అత్తల పక్కన నిలబడి వంటలు నేర్చుకోలేదూ, అట్లాగే!

1873లో ఆయన ఒక నాయరు కులస్త్రీ బొమ్మ వేశాడు. అద్దం ముందు కూర్చుని జడలో మల్లెపూల దండ ముడుచుకుంటూ ఉంటుంది. ఆ బొమ్మకి మద్రాసు ప్రదర్శనలో గవర్నరు బంగారు పతకం, అదే ఏడు వియన్నాలోనూ బహుమతి వచ్చాయి. దానితో సంస్థానాల వాళ్ళంతా మా రాణి బొమ్మ వెయ్యి, మా అమ్మగారి బొమ్మ వెయ్యి అని పిలిచారు. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనకి పది బొమ్మలు పంపాడు. పదీ మన దేశపు ఆడవాళ్ళ బొమ్మలే. వాటికీ పతకాలు వచ్చాయి. వివేకానందస్వామి మాట్లాడింది కూడా ఆ ఏడే, ఆ ఊళ్ళోనే. అదే ఏడు వేసిన ఇంకో బొమ్మలో సొంత కూతురు మహాప్రభనే చూపించాడు. చంకలో పిల్లవాడు, కాళ్ళ దగ్గర కుక్క, నాన్నగారు వస్తున్నారని పక్కకి చూస్తూ ఉంటుంది. చూస్తే మన పక్కింటి అమ్మాయిలాగే అనిపిస్తుంది.

ఆ బొమ్మలు ఎన్ని చూసినా నాకు ముందు నగలే కనిపించాయి. ముత్యాలు, కెంపులు, ముక్కెరలు, జరీ అంచులు. ఒక్కొక్క పూస మీద వెలుగు పడ్డట్టు వేశాడు మహానుభావుడు. ఆ కాలంలో బొమ్మ వేయించుకోవడమంటే ఇంటి గొప్ప చూపించుకోవడం. ఆ నగలు ఉన్నవాళ్ళకే బొమ్మ. ఆ నగలు తోమిపెట్టిన దాసీకి, ఆ పూలు కోసి దండ కట్టిన ఆమెకి బొమ్మ ఎవరు వేస్తారు? పోనీ బొమ్మ ఉన్నామె అయినా తన ఇష్టంతో కూర్చుందా, భర్త కూర్చోమంటే కూర్చుందా అన్నది బొమ్మ చెప్పదు.

పరదా ఉన్న ఇళ్ళల్లో అయితే పరాయి మగవాడి ముందు కూర్చోవడమే కుదరదు. అందుకే మన హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1892లో ఆడవాళ్ళకోసమే వేరే జనానా స్టూడియో పెట్టాడట. చుట్టూ ఎత్తు గోడలు, లోపల అందరూ ఆడవాళ్ళే, చూసుకునేది కెన్నీ లెవిక్ అనే దొరసాని. నూటముప్ఫై ఏళ్ళ కిందటే ఆడవాళ్ళ సిగ్గు, భయం కనిపెట్టి ఏర్పాటు చేసినవాళ్ళున్నారు. మేము సెల్‌ఫోన్ చేతిలో పెట్టుకుని కూడా మా అత్త భయం పోగొట్టలేకపోయాం.

ఇంకొక సంగతి చదివి చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. రవివర్మకి మంగళాబాయి అని చెల్లెలు ఉండేదట. ఆమె కూడా బొమ్మలు వేసేది. అన్నగారి బొమ్మ ఆమే వేసింది. అన్న పేరు దేశమంతా తెలుసు. చెల్లెలి పేరు నేను మొదటిసారి విన్నాను. మీరు విన్నారా?

1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టి, తన దేవుళ్ళ బొమ్మల్ని వేలకొద్దీ అచ్చువేయించాడు. రాజుల మేడల్లో ఉండే బొమ్మలు అప్పుడే మామూలు ఇళ్ళకి వచ్చాయి. తామరపువ్వులో నిలబడ్డ లక్ష్మి, వీణ పట్టుకున్న సరస్వతి మన పూజగదుల్లోకి వచ్చింది ఆ దారినే. తన దేశంలో ఆడవాళ్ళు కట్టేది ముండు అయినా, ఆయన దేవతలకి చీర కట్టించాడు. ఆ పటాలకి ఇళ్ళల్లో ఆడవాళ్ళు జరీ గుడ్డ అంటించి, చమ్కీలు, పూసలు కుట్టి, అమ్మవారికి నిజంగా చీర కట్టినట్టు చేసేవాళ్ళు. మా అమ్మమ్మగారింట్లో గిద్దలూరులో అట్లాంటి లక్ష్మీ పటం ఒకటి ఉండేది. వేలు పెట్టి చమ్కీలు తడిమినందుకు దెబ్బలు తిన్న జ్ఞాపకం నాకు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు స్టూడియో కుర్రాడి మీద కోపం కాస్త తగ్గింది. మొహానికి చీర కట్టి, నగ పెట్టి దేవతని చేయడం ఇవాళ పుట్టిన పని కాదన్నమాట! మా చుట్టాలు "లక్ష్మీదేవిలా ఉంది" అన్నారంటే, వాళ్ళ కళ్ళల్లో ఉన్నది రవివర్మ లక్ష్మే కదా.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒకనాడు రాత్రి అన్నాలయ్యాక, మావారితో మెల్లిగా అన్నాను. "ఏమండీ, అత్త ఫోటో ఇంకొకటి చేయిద్దామా? ఆ గొలుసూ, పట్టుచీరా తీసేసి, మామూలుగా..."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడవైపు చూస్తూ, "ఆ గొలుసు వెయ్యమని స్టూడియోలో చెప్పింది నేనే" అన్నారు.

నాకు నోట మాట రాలేదు.

"రెండు పేటలు ఉండాలని కాగితం మీద గీసి చూపించాను. అమ్మ ఉన్నప్పుడు ఎన్నిసార్లు అనుకున్నానో, ఈ ఏడు కొందాం, వచ్చే ఏడు కొందాం అని. ప్రతిసారీ ఏదో ఒక ఖర్చు. అమ్మకి ఇన్నాళ్ళకి ఆ గొలుసు పడింది. అది కూడా తీసేస్తావా?" అన్నారు. ఆయన గొంతు పూడుకుపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కళ్ళనీళ్ళు నేను చూడడం అది రెండోసారి. మొదటిసారి ఆ ఎండిన బోరు దగ్గర.

ఏడాదికి పైగా ఆ గొలుసు అబద్ధమని తిట్టుకున్నాను. అది ఒక కొడుకు తీర్చుకున్న బాకీ అని నాకు తట్టనే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మ్యూజియంలో చూసిన బొమ్మ గుర్తుకొచ్చింది. ఆ నగలన్నీ గొప్పకోసమే వేయించారని నేనెట్లా అనుకున్నాను? వేయించినవాళ్ళ మనసులో ఏముందో ఎవరికి తెలుసు? తల్లికి పెట్టలేని సొమ్ము బొమ్మలో పెట్టించినవాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారేమో!

గోడమీది ఫోటో అట్లాగే ఉంచాం. దాన్ని మార్చే హక్కు నాకు లేదు. కానీ నా మా అత్త నాకు కావాలి కదా. చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. "మీ ఫోన్లలో, పాత పెళ్ళి వీడియోల్లో ఎక్కడైనా అత్త ఉందేమో చూడండి" అని బతిమాలాను. నెల రోజులకి మా చిన్నాడబిడ్డ కూతురు ఒకటి పంపించింది. వాళ్ళ బాబు నడుస్తుంటే తీసిన ఫోటో అది. బాబు వెనకాల, వాకిట్లో, చేట ముందు పెట్టుకుని మా అత్త ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఫోటో తీస్తున్నట్టు ఆవిడకి తెలియదు. బాబుని చూసి పళ్ళులేని నోటితో పకపకా నవ్వుతోంది. పాత నేతచీర, చెరిగిన జుట్టు, బోసి మెడ. కాస్త మసకగానే ఉంది. ఉంటేనేం, అదే మా అత్త! స్క్రీన్ మీద కనిపించగానే "అత్తా" అని పైకే పిలిచేశాను.

దాన్ని చిన్న ఫ్రేము కట్టించి వంటింట్లో, పోపుల డబ్బా ఉండే అలమర పక్కన పెట్టుకున్నాను. ఫ్రేము వేసేముందు ఫోటో వెనకాల పెన్సిలుతో ఆవిడ పేరు, పుట్టిన ఊరు, ఎవరి కూతురు, ఫోటో ఏ ఏడు తీసింది అన్నీ రాశాను. మా పిల్లలకి 'నాయనమ్మ' అని తప్ప ఆవిడ పేరు సరిగ్గా తెలియదని అప్పుడే బయటపడింది. మావారు మరునాడు వంటింట్లోకి మంచినీళ్ళకి వచ్చి, ఆ ఫోటో చూసి ఆగారు. "నవ్వుతోందే అమ్మ" అన్నారు, అంతే. ఆ రోజునుంచీ మంచినీళ్ళు నన్ను తెమ్మనడం మానేసి తనే వంటింట్లోకి వస్తున్నారు.

మా పక్కనే కంభం చెరువు ఉంది చూడండి. గుండ్లకమ్మ నీటికి కట్ట కట్టి చేసిన ఆ చెరువుని కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. రాయలవారి విగ్రహం, పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు తిరుమల కొండమీద చూస్తాం. ఈ రాణి మొహం ఎట్లా ఉండేదో మా ఊళ్ళల్లో ఎవరమూ ఎరగం. అయినా ఆ చెరువు కింద అన్నం తిన్న ప్రతివాళ్ళూ ఆమె పేరు చెబుతారు. బొమ్మ ఉండీ పేరు లేని కేరళ సుందరి ఒక వైపు, పేరు ఉండీ బొమ్మ లేని రాణి ఒక వైపు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి మాత్రం రెండూ లేకుండా పోకూడదని నా బాధ.

అందుకే అక్కచెల్లెళ్ళకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మీ ఇంట్లో అమ్మ, అత్త, అమ్మమ్మ ఎవరున్నా వాళ్ళు పని చేసుకుంటున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ముస్తాబు చేసి కూర్చోబెడితే వాళ్ళు బిగుసుకుపోతారు. ఫోన్‌లోనే వదిలేయక, ఒక్కటైనా కాగితం మీద వేయించండి. ఫోన్ పోతే అన్నీ పోతాయి. వెనకాల పేరు, ఊరు, ఏడు మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అచ్చు ముందు వైపుకి పడుతుంది.

ఇంట్లో పాత ఫోటోలు, రవివర్మ పటాల వంటివి ఉంటే తడిగుడ్డతో తుడవకండి. అద్దం మీద నీళ్ళు చల్లితే పక్కలనుంచి లోపలికి దిగి మరకలు పడతాయి. పొడి మెత్తటి గుడ్డతో అద్దం మాత్రం తుడవండి. ఎండ నేరుగా పడే గోడకి, అగరొత్తుల పొగ తగిలేచోట తగిలించకండి. ఫోటో అద్దానికి అంటుకుపోతే లాగకండి, చినుగుతుంది. అద్దంతో సహా ఒకసారి ఫోటో తీయించి పెట్టుకోండి.

చివరిగా ఇంకొక్కటి. ఇంట్లో ఫోటోలు తీసేది మనమే కాబట్టి ఫోటోల్లో మనం ఉండం. నా ఫోన్ అంతా వెతికితే నావి ఆరంటే ఆరు ఉన్నాయి. అందులో రెండు ఆధార్‌కీ, రేషన్ కార్డుకీ తీసినవి! మొన్న మా చిన్నమ్మాయి ఫోన్ ఎత్తితే అలవాటుకొద్దీ "వద్దే, జిడ్డు మొహం" అనబోయాను. వంటింట్లోంచి మా అత్త నవ్వుతూ చూస్తోంది. చేతిలో ఉన్న గరిటె కింద పెట్టకుండానే, "తియ్యి" అని నిలబడ్డాను.